మబ్బుకు వీపు పెట్టిన కారు

వాన వస్తోందంటే అందరూ ఇంట్లోకి పరుగెడతారు. మబ్బులావిడ మాత్రం ఇంట్లోంచి బయటికి పరుగెడుతుంది. ఆ పేరు వీధి పెట్టింది. అసలు పేరు పోస్టుమ్యాన్‌కి తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు. పక్కింటివాళ్ళు బట్టలు ఆరేసే ముందు ఆకాశం వంక చూడరు, ఆవిడ కారు ఇంటి ముందు ఉందో లేదో చూస్తారు. ఉంటే ధైర్యంగా ఆరేస్తారు. లేకపోతే తీగ మీద ఉన్నవి కూడా లోపలికి తెచ్చేసుకుంటారు.

ఆవిడ పని ఫొటోలు తీయడం. పెళ్ళిళ్ళవీ పసిపిల్లలవీ కాదు. పిడుగులవీ, వడగళ్ళవానలవీ, దుమ్ము రేపుకుంటూ ఊళ్ళ మీదికొచ్చే గాలిదుమారాలవీ. పేపర్లవాళ్ళు కొంటారు, క్యాలెండర్లవాళ్ళు కొంటారు, బడిపిల్లల పుస్తకాల్లో ‘మేఘములు - రకములు’ అన్న పాఠం పక్కన ఉండేవి చాలావరకు ఆవిడవే. మొదట్లో వాళ్ళ నాన్న పెట్టిన స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసేది. “గడ్డం కొంచెం పైకెత్తండి, చెవులు కనపడాలి, నవ్వకండి” అని పొద్దస్తమానం అదే పాట. ఒక మధ్యాహ్నం పెద్ద గాలివాన పట్టుకుంది. ఎదురుగా ఉన్న సైకిలు షాపు రేకుల కప్పు లేచి, బస్సెక్కబోతున్న పెద్దమనిషిలా తీరిగ్గా వీధి దాటి వెళ్ళిపోయింది. కుర్చీలో గడ్డం పైకెత్తి కూర్చున్న మనిషిని అలాగే వదిలేసి ఆవిడ బయటికెళ్ళి దాన్ని ఫొటో తీసింది. మర్నాడు అది పేపర్లో మొదటి పేజీలో పడింది. ఆ కుర్చీలో మనిషి మళ్ళీ ఆ స్టూడియో గడప తొక్కలేదు. ఆవిడకూ మళ్ళీ మనుషుల చెవుల మీదికి మనసు పోలేదు.

అప్పటికి వాళ్ళన్నయ్య ఒక ఫ్యాక్టరీ బస్సు నడిపేవాడు. “ఒక్కదానివీ ఎక్కడికని పోతావే ఈ వానలో, పద, నేను దింపుతా” అని ఓ రోజు బయల్దేరాడు. ఆ దింపడం ఇరవై ఏళ్ళు దాటినా పూర్తికాలేదు. బస్సు ఉద్యోగం మానేశాడు. కారు కొన్నారు. వదిన మొదట గొణిగింది, తర్వాత ఇద్దరికీ టీ ఫ్లాస్కు కట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. గొణగడం మాత్రం మానలేదు, ఫ్లాస్కుతో పాటు అదీ కట్టి ఇచ్చేది.

వాళ్ళ పనికి ఒక పద్ధతి ఉంది. అన్నయ్య పెట్టిన పద్ధతి. ఎక్కడ ఆగినా కారు మబ్బుకు వీపు పెట్టి, తప్పించుకుపోయే దారికి ముఖం పెట్టి నిలబడాలి. ఇంజను ఆపకూడదు. డ్రైవరు సీటు దిగకూడదు, వెనక్కి తిరగకూడదు. ముందు చెట్టు పడిందా, రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయా, ఎదురుగా లారీ ఏదైనా అడ్డంగా ఆగిందా అన్నది తప్ప అతనికి ఇంకేదీ పట్టకూడదు. ఆవిడ కారు వెనకాల నిలబడి తన పని చేసుకుంటుంది. హారన్ మోగిందంటే కెమెరా ఎత్తుకుని వచ్చి ఎక్కేయాలి. ఇంకొక్కటి, ఇదొక్కటి అంటూ బేరాలు లేవు. ఆ పద్ధతి వల్లే ఇద్దరూ ఇన్నేళ్ళు నిక్షేపంగా ఉన్నారు. వాళ్ళలాంటి పని చేసేవాళ్ళలో అలా లేనివాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ సంగతి ఇప్పుడెందుకు.

నిరుడు అన్నయ్య కారు అద్దాన్ని రెండుసార్లు కరెంటు స్తంభానికి రాశాడు. రెండుసార్లూ తప్పు స్తంభానిదే అన్నాడు. మూడోసారి ఇంటి గేటుకే రాశాడు. గేటు మీద తప్పు నెట్టడం కుదరక కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆ డాక్టరు నెమ్మదస్తురాలు. చాలాసేపు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“కంటి నరం పాడవుతోందండీ. చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. మీకిప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ మీకు తెలియలేదా?”

“రోడ్డు ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది కదా డాక్టరుగారూ,” అన్నాడు అన్నయ్య. “పక్కలకు చూసే పని నాకెప్పుడూ పడలేదు.”

చుక్కల మందు ఇచ్చింది. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలింది ఎంతకాలం ఉంటుందో మాట ఇవ్వలేనని, వచ్చే వానాకాలం దాకా అని కూడా ధైర్యంగా చెప్పలేనని చెప్పింది. కారు మాత్రం ఈరోజు నుంచే ముట్టుకోవద్దంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సెక్కారు.  అన్నయ్య అలవాటు కొద్దీ డ్రైవరు భుజం మీంచి రోడ్డునే చూస్తున్నాడు. కాసేపటికి చాలా మామూలుగా, ఎవరి సంగతో చెబుతున్నట్టుగా అన్నాడు.

“బాధేం లేదు బుజ్జీ. వయసు వచ్చింది, కళ్ళు పోతాయి, ఏముంది. ఒక్కటే అనిపిస్తోంది. ఇన్ని తుఫానుల్లో తిరిగాం గానీ ఒక్కటీ నిండుగా చూళ్ళేదు నేను. అద్దంలో బెత్తెడంత కనపడేది. అంతే.”

యాభై దాటిన ఆ మనిషిని బుజ్జీ అని పిలిచే హక్కు లోకంలో అన్నయ్యకొక్కడికే ఉంది. ఆ పిలుపు ఎప్పుడు విన్నా ఆవిడకు ముచ్చటగా ఉండేది. ఆరోజు మాత్రం గుండెలో కలుక్కుమంది. ఇన్నేళ్ళూ ఆవిడ ఒక్కసారి కూడా ఆ సంగతి ఆలోచించలేదు. తను చూసినవన్నీ పక్కనున్న అన్నయ్య కూడా చూస్తున్నాడనే అనుకుంది. మర్నాడు పేపరు రాగానే అతను “ఇదేనా నిన్నటిది? బాగుందే!” అంటూ ఎందుకంత సేపు పట్టుకుని కూర్చునేవాడో ఇప్పుడర్థమైంది. ఆవిడకు తన మీద తనకే చాలా సిగ్గేసింది. బస్సు దిగేలోపు మనసులో ఒక నిర్ణయం చేసేసుకుంది. కళ్ళు ఉండగా అన్నయ్యకు ఒక్క మబ్బైనా కొస నుంచి కొస దాకా చూపించాలి. దానికి కారు తను నడపాలి.

ఆవిడకు డ్రైవింగ్ రాదు. రాకపోవడం ఒక్కటే అయితే ఎవరైనా నేర్పుతారు, ఆవిడకున్నది అంతకన్నా పెద్ద రోగం. డ్రైవింగ్ స్కూల్లో నేర్పే కుర్రాడికి ఆ రోగం మొదటి రోజే తెలిసిపోయింది.

“ఆంటీ, రోడ్డు కింద ఉంది.”

“తెలుసు బాబూ.”

“మీరు పైకి చూస్తున్నారు.”

“ఆ మబ్బు చూడు, అడుగు ఎంత చదునుగా కోసినట్టుందో. సాయంత్రానికి...”

“ఆంటీ! బ్రేకు! బ్రేకు!”

దారికి గుర్తుగా నిలబెట్టిన ప్లాస్టిక్ కోన్ల మీంచి, ఒకసారి వాటి పక్కన పెట్టిన కుర్రాడి లంచి డబ్బా మీంచి కూడా కారు పోనిచ్చింది. నెత్తి మీద పిడుగు పడుతున్నా కెమెరా కదలనివ్వని మనిషి, ఎదురుగా నీళ్ళ ట్యాంకరు కనపడగానే స్టీరింగు వదిలేసి కళ్ళు మూసుకునేది. తనతోపాటు నేర్చుకునే కాలేజీ ఆడపిల్లలు నవ్వీ నవ్వీ అలిసిపోయి చివరికి జాలిపడ్డారు. ఆవిడ ఎవరి జాలినీ పట్టించుకోలేదు. టోపీ అంచు కిందికి వంచి, ఆకాశం కనపడకుండా దాన్ని కనుబొమల దాకా లాక్కుని కూర్చునేది. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా కాలితో క్లచ్చి నొక్కుతుంటే వదిన గిన్నెలు పక్కకు జరిపేది. మొదటి పరీక్ష తప్పింది. రెండోదీ తప్పింది. మూడోసారి పరీక్ష పెట్టిన ఆఫీసరు లైసెన్సు ఇస్తూ, “అమ్మా, దయచేసి ఎండ ఉన్నప్పుడే నడపండి,” అన్నాడు. ఆవిడ బుద్ధిగా తలూపింది. అబద్ధం ఆడలేదు, తల మాత్రమే ఊపింది.

మబ్బుల కాలం మొదలైంది. మొదటి గాలివానకు బయల్దేరారు. అన్నయ్య పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ కింద లేని బ్రేకులన్నీ తొక్కుతున్నాడు. “గేరు మార్చు. హారన్ కొట్టు. ఆ సైకిలాయన్ని చూశావా?” అంటూనే ఉన్నాడు. చూపు సన్నబడింది గానీ నోరు సన్నబడలేదు. పొలాల మధ్యకు రాగానే ఎదురుగా మబ్బు పొంగుతూ లేచింది. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, టోపీ అంచు కింది నుంచి ఆవిడ చూపు పైకి జారింది. అంతే, కారు రోడ్డు దిగి బురద కాలవలో కూలబడింది. ట్రాక్టరు పిలిచి లాగించేసరికి మబ్బు ఎటో వెళ్ళి ఎవరి నెత్తినో కురిసేసింది.

ఒళ్ళంతా బురదతో ఇద్దరూ గుమ్మంలో నిలబడితే వదిన ఈసారి గొణగలేదు. గట్టిగానే అంది.

“నీకేమైనా మతి ఉందా? కళ్ళు పోతున్న మనిషిని తీసుకెళ్ళి కాలవలో పడేస్తావా? చూపున్న నాలుగు రోజులు నా మొహం, పిల్లల మొహాలు చూసుకోనీ ఆయన్ని. మబ్బులు చూడకపోతే కొంప మునిగిందా?”

“మీ మొహాలు రోజూ చూస్తూనే ఉన్నాడు వదినా. అది మాత్రం చూళ్ళేదు.”

“ఆయన అడిగాడా నిన్ను?”

“అడగడు. నీకు తెలియదా, ఎప్పుడైనా ఏదైనా అడిగాడా?”

 ఆ ఇంట్లో ఆ మనిషి తనకంటూ ఏదీ అడగడని వదినకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. కొంగుతో ఆయన చెవిలో బురద తుడుస్తూ నిలబడింది. అన్నయ్య ఇద్దరి మధ్యా తప్పు చేసిన పిల్లాడిలా చూస్తున్నాడు.

“ఏవయ్యా, చూడాలనుందా నీకు?” అని అడిగింది వదిన.

ఆయన బురద చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. “ఉంది,” అన్నాడు.

అంతటితో ఆ తగవు తీరిపోయింది. “అయితే చూపించే తీసుకురా,” అంది వదిన ఆవిడతో. “చూపించకుండా మళ్ళీ బురద మోసుకొచ్చారో, ఇద్దరికీ వాకిట్లోనే అన్నం.”

ఆ తర్వాత ఆవిడ పట్టు ఇంకా బిగిసింది. రోజూ పొద్దున్నే ఖాళీ రోడ్ల మీదికి తీసుకెళ్ళి కారు వెనక్కి తిప్పడం నేర్చుకుంది. ఎక్కడైనా ఆగి, ముక్కు బయటి దారికి పెట్టి నిలపడం, మళ్ళీ బయల్దేరడం, మళ్ళీ ఆగి నిలపడం. అన్నయ్య రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, తల అటూ ఇటూ తిప్పి తిప్పి చూసి తప్పులు చెప్పేవాడు. ఈమధ్య ఏదైనా పెద్దది చూడాలంటే అతను అలా తల తిప్పాల్సి వస్తోంది. ఒక వైపు చూస్తే ఇంకో వైపు ఉండదు. ఆవిడ అది గమనిస్తూనే ఉంది. గమనించినప్పుడల్లా భయమేసేది. ఇంకో రెండు మబ్బుల వెంట వెళ్ళారు. ఒకటి వాళ్ళు చేరేలోపే విడిపోయింది, ఇంకొకటి పొగమంచులా చప్పగా పరుచుకుని దేనికీ పనికిరాకుండా పోయింది. పేపరు ఆఫీసులో ఫొటోల ఎడిటరు ఫోన్ చేసి, “ఈ ఏడు మీ దగ్గర్నుంచి ఒక్కటీ రాలేదేమిటండీ, వేరేవాళ్ళవి వేసుకోమంటారా?” అన్నాడు. “వేసుకోండి,” అని పెట్టేసింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నోటి నుంచి రావడం అదే మొదలు.

ఆ కాలం చివర్లో, ఒక మధ్యాహ్నం, ఫోన్‌లో వానమబ్బుల్ని చూపే రాడార్ బొమ్మ మీద ఎర్రటి చార ఒకటి వంగుతూ వస్తోంది. ఆవిడ దాన్ని కాసేపు చూసి, లేచి తాళాలు తీసుకుంది. వదిన ఫ్లాస్కు చేతిలో పెట్టింది. ఈసారి ఏమీ అనలేదు.

ఊరు దాటి, గోదాముల వరస దాటి, రెండు వైపులా కోసిన పొలాలున్న తిన్నటి రోడ్డు మీదికి వచ్చారు. నీళ్ళ ట్యాంకరు ఒకటి ఎదురైతే ఆవిడ కళ్ళు మూయకుండా పక్క నుంచి పోనిచ్చింది. అన్నయ్య ఊపిరి వదలడం వినపడింది గానీ ఒక్క ముక్క మాట్లాడలేదు. పొలంలోకి బాట చీలిన చోట కారు వెనక్కి తిప్పింది. మబ్బుకు వీపు పెట్టి, ముక్కు ఇంటి దారికి పెట్టి ఆపింది. ఇంజను ఆపలేదు.

“దిగు అన్నయ్యా.” తన కెమెరా తీసి అతని మెడలో వేసింది. “నొక్కాలనిపిస్తే ఇది నొక్కు. అనిపించకపోతే వద్దు. హారన్ కొడితే మాత్రం వచ్చెయ్.”

అతను దిగాడు. కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ అద్దంలో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కడికి వెళ్ళి కూడా అతను మబ్బుకు వీపు పెట్టి, చేతులు కట్టుకుని, రోడ్డునే చూస్తున్నాడు.

“వెనక్కి తిరుగు! రోడ్డు నేను చూస్తున్నాలే!” అని అరిచింది.

అతను తిరిగాడు.

 అద్దంలో అన్నయ్య వీపు, చొక్కా గాలికి ఎగిరిపడటం, అతని తల నెమ్మదిగా ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్ళీ ఆ కొస నుంచి ఈ కొసకు తిరగడం మాత్రం కనపడుతోంది. వెనకాల ఏముందో అద్దంలో బెత్తెడు తప్ప ఆవిడకు కనపడలేదు. కానీ తెలుస్తోంది. బానెట్ మీద వెలుగు ఆకుపచ్చగా, చెరువు అడుగు నుంచి వస్తున్నట్టుగా మారిపోయింది. పిట్టల చప్పుడు ఆగిపోయింది. చల్లటి గాలి ఒక్కసారిగా మెడకు తగిలింది. ఆ గుర్తులన్నీ కలిసి వచ్చేది ఎప్పుడో ఆవిడకు తెలుసు. వెనక ఆకాశం ఈ చివర నుంచి ఆ చివర దాకా పొరలు పొరలుగా వంపు తిరిగి ఉంటుంది, దాని కింద వాన గోడలా నడిచి వస్తూ ఉంటుంది. ఇన్నేళ్ళ పనిలో ఆవిడ అలాంటిది ఒకటో రెండో చూసింది. ఇది వాటికన్నా పెద్దదని చర్మానికే తెలుస్తోంది. ఒక్కసారి తల తిప్పితే చాలు. మెడ నరాలు లాగేస్తున్నాయి. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. తన పని, తన బతుకు, ఇన్నాళ్ళూ ప్రాణం పెట్టి వెతికినది వీపు వెనక నిలబడి ఉంటే, తను ఎండుగడ్డి పరకలు పడి ఉన్న ఒక తారు రోడ్డును చూస్తూ కూర్చుంది. అన్నయ్య ఇన్నేళ్ళూ చేసింది ఇదేనని అప్పుడు తెలిసింది. అది కూడా మాట మాత్రం అనకుండా.

ఆవిడ తిరగలేదు. స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకుని, రోడ్డు మీద చెట్టు పడిందా, నీళ్ళొచ్చాయా, ఎవరైనా అడ్డం వచ్చారా అని చూస్తూ కూర్చుంది.

“ఎలా ఉంది అన్నయ్యా?” అని అడిగింది గొంతు పెంచి.

“అమ్మో,” అన్నాడు అన్నయ్య. మళ్ళీ, “అమ్మో బుజ్జీ,” అన్నాడు. అరవై దాటిన మనిషి గొంతులా లేదు అది.

మొదటి చినుకులు వెనక అద్దం మీద గులకరాళ్ళలా పడ్డాయి. టైమైపోయింది. ఆవిడ హారన్ కొట్టింది. అతను రాలేదు. పద్ధతి పెట్టిన మనిషే పద్ధతి తప్పాడు. ఇంకోసారి గట్టిగా కొట్టింది. అప్పుడు అడుగుల చప్పుడు వినపడింది. కానీ అతను తలుపు దగ్గర ఆగలేదు. కారు పక్కనుంచి తడుముకుంటూ ముందుకెళ్ళి, ఆవిడ అంతసేపూ కళ్ళప్పగించి చూస్తున్న రోడ్డు మధ్యలో, కారుకు ఎదురుగా నిలబడి కెమెరా ఎత్తాడు.

“ఏం చేస్తున్నావు? మబ్బు అటుంది! నన్నెందుకు తీస్తున్నావు? ఎక్కు ముందు!” అని కిటికీలోంచి కేకలు పెట్టింది.

“కదలకు,” అన్నాడు. కారును చూశాడు, తల పైకెత్తి దాని నెత్తిన ఉన్నదంతా చూశాడు, ఈ కొస నుంచి ఆ కొస దాకా, మళ్ళీ కారును చూశాడు. మొహమంతా వానతో తడిసిపోయింది, నవ్వుతున్నాడు.

“ఇన్నేళ్ళూ నేను ఎక్కడ కూర్చున్నానో చూసుకుంటున్నా.”